ఇంటర్వ్యూ వీడియోలో మా పాప ముఖం కనపడకుండా చేయించడం ఎలా?

మాది గుంటూరు జిల్లా. ముగ్గురు పిల్లలు ఉన్నందుకు 2021 పంచాయతీ ఎన్నికల్లో నేను పోటీకి అనర్హురాలినయ్యాను. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేశారు కదా, దాని మీద, పిల్లల పెంపకం మీద ఒక వీడియో ఛానల్ వాళ్లు మా ఇంట్లోనే ఇంటర్వ్యూ తీశారు. పిల్లల్ని చూపించొద్దని ముందే చెప్పాను, సరేనన్నారు.

మధ్యలో చిన్నపాప బడి నుంచి వచ్చి నా కొంగు పట్టుకుని నిలబడింది. 12:40 నుంచి 13:25 వరకు పాప ముఖం, బ్యాడ్జీ మీద స్కూల్ పేరు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నా మాటలు ఉంటే ఉండనీ, వాటికి నేను కట్టుబడి ఉన్నాను. కింద కామెంట్లలో పాప గురించి రాస్తున్నవి చదివితేనే నిద్ర పట్టడం లేదు.

ఛానల్ వాళ్లకు మూడుసార్లు ఫోన్ చేశాను. ముఖం బ్లర్ చేస్తే చాలన్నా వినలేదు. వీడియో ఉన్న యాప్‌లో టైమ్‌తో సహా ప్రైవసీ కంప్లైంట్ పెట్టాను, తిరస్కరించారు. ఆ యాప్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ చేస్తే 11 రోజుల క్రితం అదే జవాబు వచ్చింది. అప్పీల్‌కు గడువు 30 రోజులే.

ఇలాంటి జవాబుల మీద అప్పీళ్లు వినే కేంద్ర ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి అప్పీల్ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, తల్లిగా నేను ఏయే ఆధారాలు జత చేయాలో చెప్తారా?