చెరువు పక్క ఇల్లు, గోడ మీద అరచెయ్యంత సాలీడు. ఏం చెయ్యాలె?

కట్టకింద_కిరాయిదారు
అందరికి నమస్తే. మొన్న జూన్ల అమీన్‌పూర్ చెరువు దిక్కు ఇల్లు కిరాయికి తీస్కున్నం, బాల్కనీల నిలబడితే నీళ్ళు కనపడ్తయ్, పొద్దుగాల పక్షులు, చల్లగాలి, అంత మంచిగనే ఉంది గాని వానలు మొదలైన కాన్నుంచి సాలీళ్ళతోని సంసారం అయితుంది. మూలలకు బూజు కట్టే సన్నకాళ్ళవి కావు, అవైతే చీపురుతోని దులిపేస్తం. ఇవి అరచెయ్యంత ఉన్నయ్, గోధుమ రంగు, గోడకు అతుక్కొని ఉండి ఒక్కసారి పీత లెక్క పక్కకు ఉరుకుతయ్. మొదటిది గోడ గడియారం వెనక ఉండె, సెల్లు మారుద్దామని గడియారం తీస్తే నా చెయ్యి మీదికెళ్ళి భుజం దాంక వచ్చింది, నేను స్టూలు మీదికెళ్ళి పడ్డ, మోకాలు ఇంకా గుంజుతుంది. రెండోది బాత్‌రూంల గీజర్ వెనక. ఇప్పుడు మా ఆవిడ స్నానానికి పోవాలంటే ముందు నేను పోయి టార్చి కొట్టి లేదు రా అని చెప్పాలె. నాలుగేండ్ల బిడ్డ ఉంది ఇంట్ల.

నిన్న రాత్రి కనపడ్డదానికి కడుపు కింద రూపాయి బిళ్ళంత తెల్లది పట్టుకొని ఉంది, గుడ్లేమో. స్ప్రే కొడదామంటే మా అత్తమ్మ అడ్డం నిలబడ్డది, శ్రీకాళహస్తిల శ్రీ అంటేనే సాలీడు, శివుడికి గూడు అల్లిన జీవి, చంపితే ఊకోను అంటుంది. ఇవి విషమా? గుడ్లు పగిలితే ఇల్లంత నిండుతయా? ఇల్లు ఖాళీ చెయ్యమంటరా?

పకోడీ_ప్రసాద్
గీజర్ వెనక, గడియారం వెనక అంటే డబల్ బెడ్‌రూం తీసుకుంది అన్నమాట. కిరాయిలో సగం అడగండి అన్నా.

జువాలజీ_మాస్టారు
ఖాళీ చెయ్యక్కర్లేదు. మీరు చెప్పిన పోలికలను బట్టి అది హంట్స్‌మన్ సాలీడు, హెటిరోపోడా వెనటోరియా అంటారు, వేడి దేశాలన్నిట్లో ఇళ్ళల్లో ఉంటుంది. కాళ్ళు చాపితే 10, 12 సెంటీమీటర్ల దాకా వస్తుంది కాబట్టి అరచెయ్యంత అన్నది భయంతో పెంచి చెప్పింది కాదు. ఒళ్ళు పలచగా ఉంటుంది, అందుకే గడియారానికీ గోడకీ మధ్య సందు దానికి సరిపోతుంది. గూడు కట్టదు, రాత్రి తిరిగి వేటాడుతుంది, ఇంట్లో దానికి దొరికే పెద్ద భోజనం బొద్దింక. అంటే మీ వంటింటి సింకు కింద ఒకసారి టార్చి కొట్టి చూడండి, అసలు కిరాయిదారులు అక్కడ ఉంటారు.

మనిషిని వెతుక్కుని వచ్చి కరవదు. నొక్కినా గుప్పిట్లో పట్టినా కరుస్తుంది, నొప్పి, వాపు ఉంటాయి, ప్రాణానికి ప్రమాదం లేదు. ఆ తెల్ల బిళ్ళ గుడ్ల సంచే, తల్లి దాన్ని కడుపు కింద పట్టుకుని మోస్తుంది. ఆ టైంలో దానికి కోపం ఎక్కువ, జోలికి పోవద్దు. పిల్లలు వందకి పైగానే వస్తాయి కానీ చెదిరిపోతాయి, ఒకదాన్నొకటి తింటాయి, మిగిలినవి బల్లికి. మీరు భయపడే లెక్క ఎప్పుడూ తేలదు.

పట్టి బయట వదలాలంటే గ్లాసు చాలదు, కాళ్ళు తెగుతాయి. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా గోడకి బోర్లించి, కింద నుంచి పెళ్ళి శుభలేఖ మెల్లగా తొయ్యండి. మామూలు కాగితం వంగుతుంది, శుభలేఖ అట్ట దళసరిగా ఉంటుంది, దానికంటే మంచి పరికరం నాకు ఇంతవరకు దొరకలేదు.

విసిగిన_గృహిణి
మాస్టారు బాగానే చెప్తారు, రాత్రి రెండింటికి నీళ్ళ కోసం లేచి చీకట్లో స్విచ్ మీద చెయ్యి పెడితే మెత్తగా తగిలినప్పుడు తెలుస్తుంది అండీ. మాది కూడా చెరువు ఎదురు ఫ్లాటే. ఏడాది కాంట్రాక్టు అని డబ్బులు కట్టించుకుని ఒకళ్ళు వచ్చి ఇల్లంతా మందు కొట్టారు, రెండు నెలలు ఏమీ లేవు, మూడో నెల నుంచి మళ్ళీ మామూలే, ఫోన్ చేస్తే సాలీళ్ళు మా ప్యాకేజీలో రావు మేడమ్ అన్నారు. మధ్యలో ఆ మందు వాసనకి మా బాబుకి దగ్గు పట్టుకుంది అది వేరే సంగతి.

కొల్లేటి_బాతు
మాది కొల్లేటి పక్క ఊరండి, ఇలాంటివి చూసే పెరిగాం. లోపల సాలీళ్ళని లెక్కపెడుతున్నారు గానీ బయట లైటు ఏం పెట్టారో చెప్పలేదు మీరు. నీటి పక్క ఇంటికి తెల్ల ట్యూబులైటు పెట్టారంటే సాయంత్రానికి దాని చుట్టూ దోమల్లాంటివి ముసురుతాయి చూడండి, అవి కుట్టవు, వాటి పిల్లలు చెరువు బురదలో ఎర్రటి పురుగుల్లా ఉంటాయి, గుర్రపుడెక్క బాగా పెరిగిన నీళ్ళైతే ఇహ దోమలూ తోడు. పొద్దున్నకి గడప దగ్గర చీపురుతో ఎత్తేంత పడుంటాయి. వాటికోసం బల్లులు, సాలీళ్ళు, కప్పలు, కప్పల కోసం ఇంకోటి కూడా వస్తుంది, దాని పేరు రాత్రిపూట ఎందుకులెండి. మేం వాకిట్లో లైటు తీసేసి పసుప్పచ్చ ఎల్‌ఈడీ పెట్టాం, అదీ గుమ్మం మీద కాదు, గేటు దగ్గర స్తంభానికి. చాలా తగ్గాయి. కిటికీలకి మెష్, తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ, అంతే ఖర్చు.

ఇంకోటండి, ఒంటిమీద గీతలా ఎర్రగా పొక్కులొస్తే మావాళ్ళు సాలీడు పాకింది అనేవారు, నేనూ అదే అనుకునేవాణ్ణి. మా డాక్టరుగారు చూపించారు, అది సాలీడు కాదు, వానాకాలంలో లైటుకి వచ్చే సన్నటి పురుగు, నలుపూ నారింజా చారలుంటాయి, పెడరస్ అంటారు. అది కుట్టదు, మనం మెడ మీద వాలితే చేత్తో రుద్దేస్తాం, నలిగితే లోపలి రసం చర్మాన్ని కాలుస్తుంది. ఊది తోలెయ్యాలి, నలిగితే వెంటనే సబ్బుతో కడగాలి. మీ పాపకి సాలీడు కంటే దీని గురించి జాగ్రత్త.

మిన్నెసోటా_చలిమంట
మా కష్టం కూడా వినండి. పోయిన ఏడాది లేక్ మీద ఇల్లు కొన్నాం, మా ఆయన సరదా. ఇక్కడ డాక్ స్పైడర్ అంటారు, ఫిషింగ్ స్పైడర్ అని కూడా, డాక్ అంటే పడవ కట్టుకోడానికి ఒడ్డు నుంచి నీళ్ళ మీదకి వేసే చెక్క వేదిక, దాని పలకల కింద ఉంటాయి. మే నెలలో పడవ మీద కవర్ తీస్తే లోపల నుంచి నా చెయ్యంతది వచ్చింది, నేను అరిచిన అరుపుకి అవతలి ఒడ్డు ఆయన బయటికి వచ్చి చూశాడు. సరే చీపురు తెచ్చి నీళ్ళలోకి నెట్టేశా, పీడ పోయింది అనుకున్నా. అది నీళ్ళ మీద నడుచుకుంటూ వెనక్కి వచ్చేసింది! ఇంకోసారి నెడితే మునిగింది, ఒంటి మీద వెండి పూత పూసినట్టు గాలి పట్టుకుని ఒక కర్రని కరుచుకుని నీళ్ళ కిందే కూర్చుంది, నేను కాఫీ తాగి వచ్చేదాకా అక్కడే ఉంది. తర్వాత చదివితే అరగంట దాకా ఉండగలదట, చిన్న చేపల్ని, తోకకప్పల్ని పడుతుందట. ఇప్పుడు డాక్ మీదకి వెళ్ళేముందు కాలితో రెండుసార్లు దబదబా కొడతాను, అవి కిందకి పోతాయి, నేను పైన కూర్చుంటాను. మా ఒప్పందం అది.

డాలస్_బాబాయ్
మా టెక్సస్‌లో 2007 ఆగస్టులో లేక్ టవాకోని పార్కులో చెట్లన్నీ కలిపి ఒకే బూజు కట్టేశాయి సాలీళ్ళు, ఒకటీ అరా చెట్లు కాదు, బాట పొడుగునా వందల గజాలు. ఆ ఏడాది వానలు బాగా పడి దోమలు, పురుగులు విపరీతంగా పెరిగాయి, తిండి ఎక్కువయ్యేసరికి మామూలుగా ఒంటరిగా ఉండేవి కూడా పక్కపక్కనే అల్లేశాయి. కొల్లేటి అన్నగారు చెప్పిన లైటు సంగతి కరెక్టే.

గుత్తి_కోట
పెద్ద సాలీడంటే మా దానిదే పేరప్పా. నీలం రంగు టారంటులా, 1899లో మా గుత్తిలో దొరికిందని లోకమంతా గుత్తి పేరే పెట్టినారు, తీరా చూస్తే దాని అడవి నంద్యాల, గిద్దలూరు మధ్యలో ఉండాది. రైల్లో కట్టెలతో పాటు మా ఊరికి వచ్చిందంటారు. అది చెట్టు తొర్రలో ఉంటాది, ఇంట్లోకి రాదు, మీరేం భయపడాకండి, ఊరికే చెప్తాండా.

కట్టకింద_కిరాయిదారు
అందరికి థాంక్స్. మాస్టారు చెప్పినట్టు సింకు కింద టార్చి కొట్టిన, ఏం చెప్పాలె, పైపు చుట్టూ సందు నుంచి బొద్దింకలు లైను కట్టినయ్. వైట్ సిమెంటు పెట్టి మూసిన. బయట లైటు పసుపుది మార్చిన, పది రోజులల్ల గడప కాడ పురుగులు సగానికి తగ్గినయ్. గీజర్ వెనకదాన్ని డబ్బాల పట్టిన, మా మరదలు పెళ్ళి శుభలేఖ వాడినందుకు ఇంట్ల ఇంకో లొల్లి. చెరువు కట్ట మీది తుమ్మచెట్టు కాడ వదిలి వచ్చిన. గుడ్లదాన్ని మాత్రం ముట్టలే, స్టోర్‌రూంల సూట్‌కేసుల వెనక ఉంది, బిడ్డ దానికి బుజ్జమ్మ అని పేరు పెట్టింది, రోజు పొద్దున లేవంగనే తలుపు సందుకెళ్ళి చూసి బుజ్జమ్మ ఇంకా పండుకుంది అని చెప్తుంది. మా ఆవిడ ఆ రూంకి బయట నుంచి గొళ్ళెం పెట్టింది.