పాకే పిల్లలున్న ఇంట్లో వంట: మీ అనుభవాలు చెప్పండి

పది నెలల పాప తల్లి:
ఉదయం వంట వేళకు ఇంట్లో నేను, పాప మాత్రమే ఉంటాము. పొయ్యి గట్టు మీద ఉంది కనుక భయం లేదనుకున్నాను. కానీ నిన్న గంజి వార్చడానికి అన్నం గిన్నెను నేల మీదికి దించి, మసిగుడ్డ కోసం అటు తిరిగి చూసేలోపే పాప పాకుతూ గిన్నె దగ్గరికి వచ్చేసింది. మీరు ఏ జాగ్రత్తలు తీసుకుంటున్నారో దయచేసి తెలియజేయండి.

ఇద్దరు పిల్లల తండ్రి:
మా ఇంట్లో ఆ ప్రమాదం జరిగే పోయిందండీ. వడ్డనకు కింద పెట్టిన చారు గిన్నెలో ఏడాదిన్నర బాబు చెయ్యి పెట్టాడు. మా అత్తగారు కంగారులో పసుపు అద్దబోతుంటే, నర్సుగా పనిచేసే పక్కింటావిడ వారించి, వాపు రాకముందే చేతి కడియం తీసేసి, కొళాయి ధార కింద చేతిని 20 నిమిషాల పాటు కదలకుండా పట్టుకున్నారు. తర్వాత శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాము. ఐసు, టూత్‌పేస్టు, సిరా వంటివేవీ కాలిన చోట పెట్టకూడదని అక్కడి వైద్యులు చెప్పారు. ఆనాటి నుంచి మా ఇంట్లో వేడి గిన్నె నేల మీదికి దిగలేదు. వార్చే పని లేకుండా ఎసరు కొలిచి కుక్కర్‌లోనే అన్నం వండుతున్నాము.

మనవల్ని పెంచుతున్న అమ్మమ్మ:
కుక్కర్ అయినా ఆవిరి పూర్తిగా పోయాకే మూత తీయాలమ్మా. బిడ్డను చంకనెత్తుకుని తాలింపు వేయడం మాత్రం ఎంత ఏడ్చినా వద్దు. తడి ఆరని కరివేపాకు పడితే నూనె ముఖం దాకా చిందుతుంది. పెనం పిడిని గోడ వైపు తిప్పి ఉంచు.

పది నెలల పాప తల్లి:
వంటింటి గుమ్మానికి అడ్డు పెట్టిస్తే నేను కనిపించక ఏడుస్తుందేమోనండీ?

ఇద్దరు పిల్లల తండ్రి:
నడుమెత్తు చువ్వల తలుపైతే పాపకు మీరు కనిపిస్తూనే ఉంటారు. మరొక మాట, వంట కాగానే రెగ్యులేటర్ కట్టేయండి. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువైనది కనుక లీకైతే నేల మీదే, అంటే పిల్లలు పాకే చోటే పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా తలుపులు తెరిచి, బిడ్డతో బయటికి వచ్చి గ్యాస్ లీక్ అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయాలి.

పది నెలల పాప తల్లి:
వడ్రంగికి గుమ్మం కొలతలు ఇచ్చాను. తలుపు వచ్చేదాకా పాప నిద్రపోయే వేళలోనే వంట ముగిస్తాను.