సమస్యాపూరణం: ఒకటి తీసినంత నొంటరయ్యె

ఈ వారపు సమస్య ఆటవెలది నాలుగవ పాదం. 2 యొక్క 31వ ఘాతం నుండి ఒకటి తీసివేయగా వచ్చే 214,74,83,647 అనే ప్రధానసంఖ్యను గానీ, దాని కోవకు చెందిన మరొక సంఖ్యను గానీ ఆశ్రయించి పూరించాలి.

మొదటి పూరణ:

ముప్పదొక్క రెండ్లు ముదమున హెచ్చింప
బంధుగణము వోలె భాజకములు
చుట్టుముట్టియున్న సుఖియైన సంఖ్యయే
యొకటి తీసినంత నొంటరయ్యె.

నిర్వాహకుడు: 31 రెండ్ల లబ్ధానికి 1, 2, 4, 8 మొదలుకొని తన వరకు 32 భాజకాలు ఉండగా, ఒకటి తగ్గిన వెంటనే ఆ పరివారమంతా తొలగిపోవడాన్ని బంధుగణంతో పోల్చడం సమస్యలోని చిక్కును శ్రమ లేకుండా విప్పింది. పాదాది అచ్చుకు యడాగమం చేయడం సాధువే. ‘ముదమున’ మాత్రం యతి కోసం వచ్చిన వ్యర్థపదం. ‘ముడివైచి’ అంటే గణమూ యతీ చెడవు, అర్థమూ బలపడుతుంది.

ఒక సభ్యుడు: మాస్టారూ, ప్రధానసంఖ్యకు 1, తాను అనే రెండు భాజకాలు ఉంటాయి కదా, ఒంటరి ఎలా అవుతుంది?

నిర్వాహకుడు: 1 అన్ని సంఖ్యలకూ భాజకమే కనుక దానిని బంధువుగా లెక్కపెట్టనక్కరలేదు.

రెండవ పూరణ:

చూపు తగ్గినట్టి సుజ్ఞాని యాయిలర్
పట్టుబట్టి చేసె భాగహార
మొక్క భాజకంబు నొదుగక పోవగా
నొకటి తీసినంత నొంటరయ్యె.

నిర్వాహకుడు: ధార బాగుంది కానీ కర్త లోపించింది, ఒంటరి అయినది సంఖ్యయా, గణితవేత్త ఆయిలరా అన్న సందేహం మిగిలింది. అంతకంటె పెద్ద లోటు ‘పట్టుబట్టి’ అన్న మాటలో ఉంది. ఈ సంఖ్య ప్రధానసంఖ్య అని 1772లో ఆయిలర్ ప్రకటించినప్పటి ఘనత శ్రమలో కాదు, శ్రమను తప్పించుకోవడంలో ఉన్నది. దీని వర్గమూలం 46,340 దాటి 46,341కి లోపే ఉంటుంది కనుక అంతవరకున్న ప్రధానసంఖ్యలతో భాగిస్తే చాలు. అందులోనూ దీనిని భాగించగల ప్రధానసంఖ్యను 62తో భాగిస్తే శేషం 1 రావాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. ఈ రెండు నియమాలనూ కలిపితే 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ శేషంగా వచ్చే ప్రధానసంఖ్యలు మాత్రమే పరీక్షకు మిగులుతాయి. ఈ జల్లెడ పద్యంలోకి వస్తే పూరణ మరొక మెట్టు ఎక్కుతుంది.

రెండవ పూరణకర్త: ధన్యవాదాలు మాస్టారూ. రెండు, మూడు పాదాలను సవరించి పంపుతాను.

మూడవ పూరణ:

కోలు రెండు గాంచె గుణకముల్ దానిలో
నాడు మెర్సెనేమొ నమ్మి పలికె
నరువదేడు రెండ్ల యా హెచ్చవేతలో
నొకటి తీసినంత నొంటరయ్యె.

నిర్వాహకుడు: సమస్యను గణితవేత్త మెర్సెన్ నోట పెట్టి, అది పొరపాటని మొదటి పాదంలోనే తేల్చడం మెచ్చదగిన చమత్కారం. ఘాతాంకం ప్రధానసంఖ్య అయినంత మాత్రాన ఫలితం కూడా ప్రధానసంఖ్య కానక్కరలేదు. 11 రెండ్ల లబ్ధంలో ఒకటి తీస్తే వచ్చే 2047 కూడా 23, 89ల లబ్ధమే. 67 రెండ్ల లబ్ధంలో ఒకటి తీస్తే వచ్చే సంఖ్యను మెర్సెన్ 1644లో తన ప్రధానసంఖ్యల పట్టికలో చేర్చగా, 1876లో గణితవేత్త లూకాస్ కారణాంకాలు తెలియకుండానే అది ప్రధానసంఖ్య కాదని నిరూపించారు. 1903లో గణితవేత్త కోల్ (పద్యంలోని ‘కోలు’) చూపిన కారణాంకాలు 19,37,07,721, 7,61,83,82,57,287. పద్యంలో లూకాస్‌కు చోటు దొరకకపోవడం ఒక్కటే కొరత. అయినా ఈ వారం నా ఓటు దీనికే.