జేమ్స్ వెబ్ డిటెక్టర్‌ను పదేపదే చదివితే నాయిస్ తగ్గడమేమిటి?

బొబ్బిలి లెక్చరర్:
ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. సెలవుల్లో కళింగపట్నం తీరంలో నక్షత్రాల ఫొటోలు తీస్తుంటాను. తీసిన ప్రతి ఫొటోలోనూ రీడ్ నాయిస్, అంటే పిక్సెల్ విలువ చదివేటప్పుడు ఎలక్ట్రానిక్స్ వల్ల వచ్చే తప్పు, వచ్చి చేరుతుంది. అందుకే పొట్టి ఫొటోలు వందల కొద్దీ తీయడం కంటే పొడవైనవి కొన్ని తీయడం మేలంటారు. మరి జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్‌లో ఒకే ఎక్స్‌పోజర్ మధ్యలో చాలాసార్లు చదువుతారట! నాయిస్ పెరగాలి కదా? చల్లబరచడం గురించి తెలుసు, దయచేసి మళ్లీ చెప్పకండి.

శ్రీకాకుళం, రిటైర్డ్ ఇంజనీరు:
మాస్టారూ, మీ కెమెరా ఒక ఫొటోకు ఒక విలువ ఇచ్చి పిక్సెల్‌ను ఖాళీ చేసేస్తుంది. వెబ్ నియర్ ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్‌లో పైన మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్ పొర, కింద సిలికాన్ చిప్, రెంటినీ కలుపుతూ పిక్సెల్‌కొక ఇండియం బొట్టు. 2048 × 2048 పిక్సెళ్లంటే దాదాపు 42 లక్షలు! ఎవరు అతికించారో గానీ వారికి దండం. కింది ట్రాన్సిస్టర్ వోల్టేజీ చూస్తుందే తప్ప చార్జిని ముట్టుకోదు. గొట్టా బ్యారేజీ దగ్గర గేజి చూస్తే వంశధారలో నీళ్లు తగ్గవు కదా.

ఆ రీడింగులను కాలానికి ఎదురుగా గ్రాఫు గీస్తే వచ్చే వాలే కాంతి తీవ్రత. పిక్సెల్‌ను ఖాళీ చేసే రీసెట్‌లో మిగిలిన తేడా అన్ని రీడింగుల్లోనూ ఒకటే కాబట్టి వాలులోకి రాదు. విడి రీడింగుల తప్పులు గీతకు పైనా కిందా పడి చాలావరకు సర్దుకుంటాయి. కాస్మిక్ కిరణం తగిలితే గీత ఒక్కసారిగా ఎగురుతుంది. ఆ గెంతును వదిలేసి రెండు ముక్కల వాలూ తీసుకుంటారు. మీ ఫొటోలో అయితే ఆ పిక్సెల్ పోయినట్లే.

బొబ్బిలి లెక్చరర్:
అయితే వెయ్యిసార్లు చదివితే సున్నా అవుతుందా?

శ్రీకాకుళం, రిటైర్డ్ ఇంజనీరు:
అంత ఆశ వద్దు. ఎలక్ట్రానిక్స్‌లో మెల్లగా అటూ ఇటూ జరిగే వన్ బై ఎఫ్ నాయిస్ సగటుకు సరిగా లొంగదు. దాన్ని పట్టడానికే నాలుగు అంచుల్లోనూ 4 పిక్సెళ్ల వెడల్పున కాంతికి స్పందించని రిఫరెన్స్ పిక్సెళ్లు పెట్టారు. ఆకాశాన్ని చూసేవి 2040 × 2040 మాత్రమే. అయినా చిత్రాల్లో సన్నని చారలు మిగులుతూనే ఉంటాయి. ఇక ప్రకాశవంతమైన నక్షత్రమైతే నాలుగు రీడింగులైనా కాకముందే పిక్సెల్ నిండిపోవచ్చు.

విజయనగరం, ఎమ్మెస్సీ:
సర్, వద్దన్నా చల్లదనం గురించి ఒక్క మాట. స్పిట్జర్ అనే పాత ఇన్‌ఫ్రారెడ్ అంతరిక్ష టెలిస్కోప్‌లో 2009లో ద్రవ హీలియం అయిపోయాక కూడా 3.6, 4.5 మైక్రాన్ల కెమెరాలు 2020 జనవరి వరకు పనిచేశాయి. పొడవు తరంగాల డిటెక్టర్లే ఆగిపోయాయి, వాటికి కొద్దిపాటి వేడి కూడా సిగ్నల్‌లా కనిపిస్తుంది కాబట్టి. వెబ్‌లోనూ పొడవు తరంగాలను చూసే మిరీ పరికరాన్ని మాత్రమే ప్రత్యేక కూలర్‌తో 7 కెల్విన్ల కంటే దిగువన ఉంచుతారు.

బొబ్బిలి లెక్చరర్:
సరే, ఇది క్షమించాను. ఆ విడి రీడింగులు దొరికితే పిల్లలతో గ్రాఫు గీయించాలని ఉంది.

విజయనగరం, ఎమ్మెస్సీ:
అంతరిక్ష టెలిస్కోపుల డేటా దాచే మాస్ట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి సర్. పేరు చివర ‘అన్‌క్యాల్’ అని ఉన్న ఫైలు తీసుకోండి. ‘రేట్’ అని ఉన్నది వద్దు, అందులో వాలు ముందే కట్టేసి ఉంటుంది.