సుగంధి సిరప్ పొంగింది, మందారం నీళ్ళు బూడిదరంగుకి తిరిగాయి. తప్పు ఎక్కడ?

మిద్దెతోట_తిరుపతి

వచ్చే నెల ఇంట్లో సీమంతం. 60 మంది వస్తారు. కూల్‌డ్రింక్ సీసాలు తెప్పించకుండా వేర్లతో, పూలతో మనమే చేసి ఇద్దామని ముందుగా కొంచెం కొంచెం చేసి చూశాం. రెండూ తేడా కొట్టాయి.

1. సుగంధి సిరప్: వేర్లు 50 గ్రాములు, రెండు గ్లాసుల నీళ్ళలో 20 నిమిషాలు మరిగించి వడకట్టి, ఆ నీళ్ళు ఎన్ని గ్లాసులుంటే అన్ని గ్లాసుల చక్కెర వేసి కరిగించాం. సీసాలో పోసి బయటే పెట్టాం. ఎనిమిదో రోజు మూత తిప్పగానే టప్‌మని శబ్దం, పైన నురుగు, పులిసిన దోసెపిండి వాసన. పైగా మొదటి రోజు నుంచే సుగంధి వాసన అంతంతమాత్రం.

2. మందారం: రేకులు బోరు నీళ్ళలో వేసి మరిగించాం. ఎర్రగా రావాల్సింది బూడిద కలిసిన ఊదారంగులో వచ్చింది, కొంచెం జిగట కూడా.

శంఖుపుష్పం మాత్రం బాగానే వచ్చింది. ఒకే గ్లాసులో రంగులు పొరలు పొరలుగా పోస్తారు కదా, అది ఇంట్లో కుదురుతుందా?

పాకంపట్టు

సిరప్ పొంగడానికి కారణం మీరు రాసిన కొలతలోనే ఉంది. గ్లాసుకి గ్లాసు అంటే సమానం అనిపిస్తుంది గానీ, 200 మి.లీ. గ్లాసులో నీళ్ళు 200 గ్రాములు తూగితే చక్కెర సుమారు 170 గ్రాములే తూగుతుంది. అంటే మీ సిరప్‌లో చక్కెర 46 శాతం. ఈస్ట్‌కి అది విందు భోజనం. వేరు తొక్క మీద, పూరేకుల మీద ఈస్ట్ ఎలాగూ ఉంటుంది, మరిగించినప్పుడు చచ్చినా సీసా నుంచో గరిటె నుంచో మళ్ళీ చేరుతుంది. పైన తిరుపతి ఎండ. సిరప్ బయట నిలవాలంటే చక్కెర బరువులో 65 శాతం దాటాలి. అందుకే గ్లాసులు పక్కనపెట్టి తూకం పట్టుకోండి: కిలో చక్కెరకి అర లీటరు వేరు నీళ్ళు. అది 66-67 శాతం.

వేరు విషయం. వాసన అంతా పైతొక్కలో ఉంటుంది, లోపలి తెల్లటి ఈనె ఉత్త కట్టె. ఆ వాసనిచ్చే పదార్థం వెనిలిన్‌కి దగ్గరి చుట్టం, ఆవిరితో పాటే ఎగిరిపోతుంది. 20 నిమిషాలు మరిగిస్తే మీ వంటిల్లు ఘుమఘుమలాడి ఉంటుంది, సిరప్‌లో ఏమీ మిగల్లేదు.

ఇలా చేయండి. 100 గ్రాముల వేర్లు పది నిమిషాలు నానబెట్టి, మట్టి పోయేదాకా బ్రష్‌తో రుద్ది కడగండి. రోట్లో వేసి దంచితే తొక్క చిట్లి ఈనె విడివడుతుంది. ఈనె పారేయండి. 650 మి.లీ. నీళ్ళు మరిగించి, దించి, ఐదు నిమిషాలు ఆగి తొక్క మీద పోసి మూత పెట్టండి. 12 గంటలు ముట్టుకోవద్దు. పలచటి గుడ్డలో వడకట్టి గంటసేపు కదపకుండా ఉంచితే సన్నటి మన్ను అడుక్కి దిగుతుంది. పైతేట అర లీటరు వంచుకోండి. తగ్గితే పిప్పి మీద కాసిని వేడినీళ్ళు పోసి పిండి సరిచేయండి.

అందులో కిలో చక్కెర, సన్నమంట, మూత. కరిగాక ఒక్క పొంగు రానిచ్చి, తెట్టు తీసి, రెండు నిమిషాల్లో దించేయాలి. వేళ్ళ మధ్య జిగురు తగలాలి గానీ తీగ సాగకూడదు. తీగపాకం వచ్చిందంటే నాలుగు రోజుల్లో సీసా అడుగున పటికబెల్లం కడుతుంది. దించేముందు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 3 గ్రాములు, అంటే మట్టంగా అర టీస్పూను కంటే కాస్త ఎక్కువ. గడ్డకట్టకుండా అది కాపాడుతుంది, రుచి కూడా లేస్తుంది.

సీసా దగ్గరే చాలామంది బోల్తా పడతారు. గాజు సీసాని అడుగున గుడ్డ వేసిన గిన్నెలో చన్నీళ్ళతో మొదలుపెట్టి 15 నిమిషాలు మరిగించి, బోర్లించి పూర్తిగా ఆరబెట్టాలి. సిరప్‌ని పొగలు కక్కే వేడిలో మెడ దాకా పోసి వెంటనే మూత బిగించండి, లేదా పూర్తిగా చల్లారాక పోసి బిగించండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు మూత పెడితే ఆవిరి మూతకి పట్టి చుక్కలుగా సిరప్ మీద పడుతుంది. ఆ పైపొరలో చక్కెర పలచబడి, సరిగ్గా అక్కడే బూజు మొదలవుతుంది. కిందిదంతా బాగున్నా పనికిరాదు.

కిలో చక్కెరకి సుమారు 1.1 లీటర్ల సిరప్ వస్తుంది. గ్లాసుకి 30 మి.లీ. వేసుకుంటే 36 గ్లాసులు. 60 మందికి 2 కిలోలు పెట్టుకోండి. గ్లాసుకి చక్కెర 27 గ్రాముల దాకా పడుతుంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్ళకి వేరే ఏదన్నా చూడండి.

చిత్తూరు_అంగడివీధి

పైనాయన చెప్పిందంతా సరే. వేరు కొనేటప్పుడు ఒకటి చూసుకోండక్కా. మన దిక్కు మూలికల అంగళ్ళలో నన్నారి (సుగంధికే ఇంకో పేరు) అని అడిగితే రెండు రకాలు ఇస్తారు. సన్నగా, తీగ మాదిరి, నల్లగా ముదురు గోధుమరంగులో, తొక్క మీద అడ్డంగా పగుళ్ళు ఉండేది అసలు సుగంధి పాల. వేలంత లావుగా, కండ పట్టి, లేతరంగులో ఉండేది మారెడు కొమ్ములు. అది ఊరగాయకి బాగుంటాది. వాసన రెండింటిదీ ఒకటే తీరు, కానీ కొమ్ము వాసన ఘాటు, నాలుక మీద చిమచిమలాడతాది. సిరప్‌కి అదే దొరికితే 100 గ్రాములు వద్దు, 60 చాలు. ఆ మారెడు మొక్క అడవిలో బాగా తగ్గిపోయింది కూడా, తవ్వితే మొక్కే పోతాది కదా. శేషాచలం అడవిలోకి పోయి తవ్వుకొచ్చే పని పెట్టుకోవద్దండి, అది కేసు.

పాత వేరో కాదో తేల్చుకోవాలంటే ఒక ముక్క గోరుతో గీకి వాసన చూడండి. గీకిన చోట గుప్పుమనాలి. గోనెసంచి వాసన వస్తే ఎంత దంచినా దండగే. ఇంకొకటి, ఇంట్లో చేసిన సిరప్ టీ డికాషన్ రంగులోనే ఉంటాది. అంగడి సీసా మాదిరి నలుపు-ఎరుపు రాలేదని మరిగించుకుంటా కూర్చోవద్దు, ఆ రంగు మాడ్చిన చక్కెరది.

చిత్తూరు బెల్లంతో చేయొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు. పానకానికి సరే, అప్పటికప్పుడు తాగేస్తాం. సిరప్‌కి వద్దు. బెల్లం వాసన సుగంధిని మింగేస్తాది, తేమ ఎక్కువ కాబట్టి తూకం కూడా తప్పతాది.

నీటిరంగు

మందారం సంగతి నేను చెబుతాను. తప్పు పువ్వుది కాదు, బోరు నీళ్ళది. ఆ ఎరుపు పులుపులోనే ఎరుపుగా నిలుస్తుంది. బోరు నీళ్ళలో సున్నపు లవణాలుంటాయి, మరిగేకొద్దీ నీళ్ళు ఇంకా క్షారం వైపు జరుగుతాయి, రంగు ఊదాకి, అక్కణ్ణుంచి బూడిదకి పోతుంది. చెడిపోయిందనుకున్న ఆ నీళ్ళలోనే అర చెక్క నిమ్మకాయ పిండి చూడండి, కళ్ళముందే ఎర్రబడుతుంది.

సరైన పద్ధతి: ఒంటి రేకుల ఎర్ర మందారాలు 40, లీటరు క్యాను నీళ్ళు. వెనకాల పచ్చటి తొడిమ, మధ్య కేసరాల కాడ తీసేయండి, పుప్పొడి ఉంటే నీళ్ళు మసకబారతాయి. నీళ్ళు మరిగాక పొయ్యి ఆపి రేకులు వేసి పది నిమిషాలు మూత పెట్టండి. పొయ్యి మీదే ఉంచితే, లేదా రేకులు పిండితే, జిగట దిగుతుంది. మీకు వచ్చింది అదే. వడకట్టి చల్లారాక నాలుగు నిమ్మకాయల రసం. స్టీలు గిన్నె వాడండి, ఇనుము, అల్యూమినియం రెండూ రంగు చెడగొడతాయి. ఇది నిలవ సరుకు కాదు, ఫ్రిజ్‌లో ఒక్కరోజు.

ఒంటి రేకుల మందారాలు 40 ఒకేరోజు దొరకవంటే ఎర్ర గోంగూర కాయల మీది కండగల తొక్కలు ఎండబెట్టినవి 20 గ్రాములు చాలు. అందులో పులుపు సొంతంగా ఉంటుంది, బోరు నీళ్ళని కూడా తట్టుకుంటుంది. నన్నడిగితే రుచిలో మందారం కంటే అదే మేలు.

మిద్దెతోట_తిరుపతి

థాంక్స్ అండీ. నిమ్మకాయ పిండితే నిజంగానే ఎర్రబడింది!

రెండు సందేహాలు. పొంగిన సిరప్ మళ్ళీ మరిగించి వాడొచ్చా? ఇంకోటి, అల్లం, చక్కెర నీళ్ళు సీసాలో పులియబెట్టి సోడా చేసే పద్ధతి వీడియోల్లో చూపిస్తున్నారు. సోడా కొనే పని తప్పుతుంది కదా?

పాకంపట్టు

పారబోయండి. ఈస్ట్ చక్కెర తిని ముఖ్యంగా వదిలేవి గ్యాసు, ఆల్కహాలు. మరిగిస్తే గ్యాసు పోతుంది, ఈస్ట్ చస్తుంది, పులిసిన రుచి ఉండిపోతుంది. ఆల్కహాలు ఎంత మిగిలిందో ఇంట్లో తేల్చలేం. మూత తీసేటప్పుడు సీసాకి గుడ్డ చుట్టి, సింక్‌లో పెట్టి, కొద్దికొద్దిగా వదలండి. బిగించిన గాజు సీసా పగిలితే ముక్కలు గోడకి గుచ్చుకుంటాయి.

అల్లం సోడాదీ అదే దారి. మన దేశ నిబంధనల్లో ఆల్కహాలు 0.5 శాతం దాటితే మద్యం కింద లెక్క, మే నెల ఎండలో రెండు మూడు రోజులు బయట పెట్టిన సీసా ఆ గీత దాటదని ఎవరూ పూచీ ఇవ్వలేరు. చిన్నపిల్లలు, గర్భిణి ఉండే పంక్తిలో అది వద్దు. సోడా కొనేయండి.

వామాకు

సీమంతం అన్నారు కాబట్టి ఇది ముందే చెప్పాల్సింది. మందారం, తంగేడు పువ్వు, గోంగూర కాయ తొక్కలు, శంఖుపుష్పం గర్భిణికి ఇవ్వొద్దు. సుగంధి కూడా డాక్టరమ్మని అడిగాకే. ఆమె కోసం నిమ్మ-పుదీనా విడిగా చేయండి. రెండు గుప్పెళ్ళ పుదీనా ఆకులు, కాడలు వద్దు, చేదెక్కుతాయి. మరిగే నీళ్ళలో 10 సెకన్లు ముంచి వెంటనే చన్నీళ్ళలో వేస్తే ఆకు నల్లబడదు. కొంచెం చల్లటి నీళ్ళతో ఒక్క తిప్పు తిప్పి వడకట్టండి. నిమ్మరసం గ్లాసులోనే కలపాలి, ముందే కలిపి పెడితే గంటలో పచ్చదనం పోయి ఎండుటాకు రంగుకి వస్తుంది.

మిద్దె మీద పూసిన పూలు, మందు కొట్టనివి మాత్రమే. పూలంగడి గులాబీలు, దవనం, మరువం తాగే వాటిలో వేయొద్దు, అవి తలలోకి, పూజకి పెంచినవి. గులాబీ కావాలంటే పన్నీరు గులాబీ కుండీలో పెట్టుకోవాలి. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, ఉమ్మెత్త అందానికి గ్లాసు అంచున కూడా పెట్టకండి. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

నీటిరంగు

పొరల సంగతి మిగిలిపోయింది. చక్కెర బరువు అడుగున కూర్చుంటుంది, చక్కెర లేనిది పైన తేలుతుంది, కిటుకంతా అంతే.

శంఖుపుష్పాలు 10, పచ్చటి తొడిమ గిల్లేసి (ఉంటే పచ్చి చిక్కుడు వాసన), 200 మి.లీ. వేడి క్యాను నీళ్ళలో ఐదు నిమిషాలు. చక్కెర వేయకుండా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇది ఐదు గ్లాసులకి వస్తుంది. పొడుగాటి గ్లాసులో అడుగున నిమ్మరసం కలిపిన సిరప్ 30 మి.లీ., నిండా ఐసు, బాగా చల్లబడిన సోడా 100 మి.లీ. గోడ వెంబడి. చివరగా స్పూను వెనకవైపు మీదుగా నీలం నీళ్ళు 40 మి.లీ. నెమ్మదిగా. పైన నీలం, పులుపు తగిలిన చోట ఊదా. ఐదు నిమిషాలు ఆగుతుంది, ఆ తర్వాత కలిసిపోతుంది. దీనికి సుగంధి సిరప్ వద్దు, గోధుమరంగు మీద నీలం మురికిగా కనిపిస్తుంది, మామూలు చక్కెర సిరప్ పెట్టండి.

60 గ్లాసులూ ఇలా పోయాలంటే చేతులు పడిపోతాయి. నీలం నీళ్ళని ముందురోజే ఐసు ట్రేలలో గడ్డకట్టించి, నిమ్మసోడా గ్లాసుకి రెండు ముక్కలు వేయించండి. కరిగేకొద్దీ రంగు దానంతటదే దిగుతుంది, వడ్డించేవాళ్ళకి పని ఉండదు.

చిత్తూరు_అంగడివీధి

సబ్జా వేసేటట్టయితే గ్లాసుకి అర టీస్పూను లెక్కన ముందే విడిగా నానేయండక్కా, 15 నిమిషాలు చాలు. పొడివి నేరుగా సోడాలో పోస్తే ఉండ కట్టి పైనే తేలతాయి.