ఉతికా రేవును పూడ్చింది రోమన్ నాగలా, మెజెర్దా పాయలా?

రేవుదారి:
ట్యునీషియాలో ఉతికా శిథిలాలు ఇవాళ సముద్రానికి దాదాపు 10 కి.మీ. లోపల, పొలాల మధ్య ఉన్నాయి. ఫినీషియన్ల రేవు అది. క్రీ.పూ. 146లో కార్తేజ్ నేలమట్టమయ్యాక రోమన్ల ఆఫ్రికా రాష్ట్రానికి రాజధాని అయింది. దాని చావుకి కారణం గోధుమ పంట అని నా వాదన. రోమ్‌కి ధాన్యం పంపడానికి మెజెర్దా నది (అప్పటి పేరు బగ్రదాస్) లోయ వాలులన్నీ దున్నేశారు, మట్టి జారింది, రేవు పూడింది. కాదనేవాళ్లు లెక్కలతో రండి.

జలలెక్క:
నది పొడవు 460 కి.మీ. అల్జీరియాలో సూక్ అహ్రాస్ దగ్గర పుడుతుంది. పరీవాహకం దాదాపు 23,700 చ.కి.మీ. ఏడాదికి పారే నీళ్లు సుమారు 100 కోట్ల ఘనపు మీటర్లు, అంటే 35 టీఎంసీలు. నాగార్జునసాగర్ కట్టినప్పటి నిల్వ 408 టీఎంసీలు, అదీ తేడా. ఇంత చిన్న నది ఒక అఖాతాన్ని పూడ్చిందంటే చూడాల్సింది నీళ్లను కాదు, బురదని. దక్షిణపు అర్ధ మెట్ట ప్రాంతం నుంచి మెల్లెగ్ ఉపనది వచ్చి కలుస్తుంది. అక్కడి కొండలు చాలావరకు సున్నపు బంకమట్టి. ఎండకి నెర్రెలు విచ్చి, గట్టి వాన పడగానే ముద్దలు ముద్దలుగా జారుతుంది. 1954లో మెల్లెగ్ మీద కట్టిన డ్యామ్ చాలావరకు పూడికతో నిండింది కూడా అందుకే. నాగలి తగలకపోయినా ఆ వాలులు కరుగుతాయి. నాగలి వేగం పెంచిందంటే సరే, మొదలుపెట్టిందంటే మాత్రం ఒప్పుకోను.

పాతపటం:
ఎంత మట్టి వచ్చిందని ఇద్దరూ కొట్టుకుంటున్నారు గానీ, నది దాన్ని ఎటు పోసిందో ఎవరూ అడగరేం? క్రీ.పూ. 49లో సీజర్ పక్షాన క్యూరియో అనే సేనాని కేప్ బాన్ వైపు నుంచి వచ్చాడు. సీజర్ రాసినదాని ప్రకారం రెండు రోజుల నడకలో ముందు బగ్రదాస్ చేరాడు. అక్కడ సైన్యాన్ని ఆపి, గుర్రపు దళంతో ముందుకెళ్లి కాస్ట్రా కొర్నేలియా గుట్టను చూశాడు. ఆ గుట్ట సముద్రంలోకి పొడుచుకొచ్చి, రెండు పక్కలా నిటారుగా ఉందని స్పష్టంగా ఉంది. ఇవాళ అదే కలాత్ అల్ అందలూస్ ఊరున్న మిట్ట, చుట్టూ ఒండ్రు నేలే. ముందు నది, తర్వాత గుట్ట, ఆ తర్వాత ఉతికా: వరస చూడండి. అంటే అప్పటి మొగ (నది సముద్రంలో కలిసే చోటు) గుట్టకి దక్షిణాన. ఉతికా గుట్టకి అవతల. బురదలో పెద్ద వాటా దక్షిణానికే పోయిందన్నమాట. ఆ పక్కనున్న అర్యానా ఉప్పు పర్ర ఒకప్పుడు అఖాతంలో భాగమే.

రేవుదారి:
అయితే ఉతికా అసలు పూడకూడదు కదండీ! అదీకాక, గుట్ట నుంచి ఉతికాకి తిన్నని దారిలో సముద్రం లోపలికి చొరబడే ఊట ఉంది, చుట్టూ చిత్తడి, తప్పించుకోవాలంటే ఆరు రోమన్ మైళ్లు చుట్టి రావాలని సీజరే రాశాడు. అప్పటికే అటు మేట మొదలైందనే కదా?

పాతపటం:
మంచి పట్టు పట్టారు. చిత్తడి ఉందంటే నీరు లోతు తక్కువని మాత్రం ఒప్పుకుంటాను. కానీ దాన్ని గోధుమ ఖాతాలో వేయలేం, రోమన్ల సాగు విస్తరించింది ఎక్కువగా ఆ తర్వాతే. మొగ సంగతికొస్తే, అంతకు రెండు శతాబ్దాల ముందే అది కుదురుగా లేదు. క్రీ.పూ. 240 ప్రాంతంలో బగ్రదాస్ మీది వంతెనని కార్తేజ్ మీద తిరగబడ్డ కిరాయి సైనికులు పట్టుకుని కూర్చుంటే, ఒక రకం గాలి వీచినప్పుడు మొగలో ఇసుక మేటేసి నీరు పల్చబడుతుందని కార్తేజ్ సేనాని హమిల్కార్ కనిపెట్టాడు. ఆ గాలి కోసం కాచుకుని, రాత్రికి రాత్రి సైన్యాన్ని దాటించాడు. ఇలా మూతపడే మొగ వెనక వరద వస్తే నది గట్టు తెంచుకుని కొత్త పాయ తీస్తుంది. తర్వాత మెజెర్దా ఉత్తరానికి మళ్లింది, ఉతికా ముంగిలి నిండింది. ఆపైన ఘార్ అల్ మెల్హ్ వంతు: 1655లో ఇంగ్లీషు నౌకాదళం దాడి చేసిన ఆ ఓడరేవు ఇప్పుడు లోతులేని ఉప్పునీటి మడుగు. 1973 వరదలో నది పాత దారి వదిలి, వరద నీటికని తవ్విన కాలువనే పట్టుకుంది. ఇప్పటి మొగ అదే.

బోరుమట్టి:
మాటలతో తేలదు, నేలలోకి గొట్టం దింపి మట్టి పొరలు పైకి తీయాలి. సముద్రపు గవ్వలు, పైన మడుగు గవ్వలు, ఆపైన మంచినీటి నత్తలు వరసగా దొరికితే ఆ చోట రేవు ఎప్పుడు మూసుకుందో తెలుస్తుంది. రెండు చోట్ల మోసపోతారు. సముద్రపు గవ్వకి కార్బన్ వయసు కడితే దాదాపు 400 ఏళ్లు ఎక్కువ వస్తుంది, ఆ దిద్దుబాటు మరిస్తే రోమన్ పొర కాస్తా కార్తేజ్ కాలపుదైపోతుంది. కట్టెముక్క పట్టుకున్నా ప్రమాదమే, అది ఎగువ గట్టులో శతాబ్దాలు పడుండి వరదకి కొట్టుకొచ్చి ఉండొచ్చు. గింజో, ఆకో అయితే నయం. ఒక్క బోరుతో తీర్పు చెప్పకండి, పాయ నడిచిన గాడిలో దింపితే పాత పొరలే ఉండవు.

రేవుదారి:
పాయ సంగతి ఒప్పుకున్నాను. కానీ మళ్లిన పాయ మోసుకొచ్చిన బురద పాళ్లు రోమన్ల తర్వాత పెరిగాయా లేదా? దానికి డెల్టాలో కాదు, ఎగువన జెందూబా మైదానంలో గట్టు పొరలు కొలవాలి.

జలలెక్క:
కొలవండి. ఇప్పటి వేగంతో పోల్చకండి మరి. 1981 నుంచి మెజెర్దా మీది సీదీ సాలెమ్ డ్యామ్ బురదని పట్టేస్తోంది, 1973లో వదిలేసిన మొగ దగ్గర తీరం కోసుకుపోతోంది.