చుక్కల దుప్పి మాంసం: రాత్రంతా నానబెట్టాలా, ఉప్పు రాసి నిప్పుల మీద పడేయాలా?

హిల్‌కంట్రీ_కుర్రోడు:
టెక్సస్‌లో ఉంటాను. శనివారం రాంచ్‌లో యాక్సిస్ దొరికింది. అదేనండీ, మన చుక్కల దుప్పి. ఇండియాలో ముట్టుకుంటే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలు. ఇక్కడ 1930ల్లో తెచ్చి వదిలితే గుంపులు గుంపులైపోయాయి. లైసెన్సు, రాంచ్ యజమాని అనుమతి ఉంటే చాలు, సీజన్‌తో పనిలేదు. వెన్ను కండలు రెండు, వెనక తొడ ఒకటి ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఆదివారం ఎనిమిది మంది వస్తున్నారు. మా అత్తగారేమో పచ్చి బొప్పాయి నూరి పెరుగులో కలిపి రాత్రంతా పట్టించు, లేకపోతే కవురు కొడుతుంది అంటున్నారు. నాతో వేటకొచ్చిన టెక్సస్ పెద్దాయన ఉప్పు తప్ప ఏం వేసినా పాపమే అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పాతబస్తీ_సీకు:
అత్తమ్మ మాటే వినున్రి అన్నా. హైదరాబాద్‌ల పచ్చి బొప్పాయ లేకుంట బోటీ కబాబ్ ఎట్లయితది? అడివిల ఉరికిన జంతువు, కండ గట్టిగుంటది. ఉప్పు రాసి కాలిస్తే చెప్పు నమిలినట్టే.

ఉప్పుచాలు:
అన్నా, వెన్ను కండ ఉరకదు. ఉరికేది కాళ్లు. పశువు ఒంట్లో తక్కువ శ్రమపడే కండల్లో వెన్నుది ఒకటి, దాన్ని మెత్తబరచడానికి బొప్పాయి ఎందుకు? అందులోని పపెయిన్ మాంసకృత్తుల్ని విరిచేస్తుంది, ఎక్కడ ఆగాలో దానికి తెలీదు. నేనోసారి రాత్రంతా ఉంచాను. పొద్దున సీకుకి గుచ్చబోతే ముక్క ఉప్మాలా రాలిపోయింది. ఇక పెరుగు, నిమ్మరసం లోపలికి దిగేది కొన్ని మిల్లీమీటర్లే. లోతుగా వెళ్లేది ఉప్పొక్కటే. రాజస్థాన్‌లో వేట మాంసానికి నెయ్యి, ఎండుమిర్చి, ఉప్పు, అంతే కదా.

మసాలా_డబ్బా:
మీరు చెప్పే జంగ్లీ మాస్ గిన్నెలో నీళ్లు చిలకరిస్తూ గంటలు ఉడికించేది, నిప్పుల మీద కాల్చేది కాదు. పైగా అదే రాజస్థాన్‌లో మాంసం మెత్తబడడానికి కాచ్రీ కాయ పొడి కూడా వాడతారు. సగం ఉదాహరణ తెస్తే ఎలాగండీ?

ఐస్‌పెట్టె:
అందరూ గిన్నె దగ్గర కొట్టుకుంటున్నారు. కవురు పుట్టేది అంతకు ముందే. తమ్ముడూ, కొట్టింది మంచి ఎండలోనా? పేగులు తీయడానికి ఎంతసేపు పట్టింది? ఐస్‌లోకి ఎప్పుడు చేరింది? దెబ్బ తగిలాక చాలా దూరం పరిగెత్తిందా? అలా బెదిరి పరిగెత్తిన దుప్పి మాంసం నల్లగా, జిగురుగా తయారవుతుంది, దానికి ఏ పెరుగూ మందు కాదు. శుభ్రంగా కోసి వెంటనే చల్లబరిచి ఉంటే వాసనలో సగం గొడవ అక్కడే తీరింది. మిగతా సగం కొవ్వు. దుప్పి కొవ్వు మేక కొవ్వులా కాదు, మైనంలా చల్లారి అంగిట్లో అంటుకుంటుంది. అది మొత్తం తీసెయ్. కండ మీద వెండి రంగులో మెరిసే పొరని కూడా సన్న కత్తితో లాగెయ్. అది నిప్పులకి ముడుచుకుపోయి ముక్కని వంకర తిప్పుతుంది. అప్పుడు ఎండిపోకుండా పైన నెయ్యి పూస్తూ ఉండు.

బొగ్గులకి మెస్కీట్ వాడుతున్నావా? అది మన సర్కారు తుమ్మకి చుట్టమే. పూర్తిగా కాలి ఎర్రటి నిప్పులయ్యాకే సీకులు పెట్టు. మంట మీద పెడితే పొగ చేదెక్కుతుంది.

హిల్‌కంట్రీ_కుర్రోడు:
పొద్దున ఏడింటికి కొట్టాం. ఉన్నచోటే కూలింది, గంటలోపు ఐస్‌లో ఉంది.

ఐస్‌పెట్టె:
అయితే అత్తగారికి భయపడకు. మాంసానికి అసలే భయపడకు.

థర్మామీటర్_అక్క:
రుచి సంగతి మీరు చూసుకోండి. వచ్చే ఎనిమిది మందిలో గర్భిణులు ఉన్నారా? లోపల ఎర్రగా ఉంచితే దుప్పి మాంసంలో టాక్సోప్లాస్మా, అంటే కడుపులో బిడ్డకి హాని చేసే పరాన్నజీవి, బతికే ఉండే అవకాశం ఉంది. పెరుగు, నిమ్మకాయ దాన్ని చంపవు. ముక్కలకి 145 ఫారన్‌హీట్ వచ్చాక మూడు నిమిషాలు ఆపండి. ఖీమా చేస్తే 160. నానబెట్టేది ఫ్రిజ్‌లోనే, వంటింటి గట్టు మీద కాదు.

ఉప్పుచాలు:
145 అంటే వెన్ను కండ చచ్చిపోతుంది అక్కా. నేను 130కే దించేస్తాను.

థర్మామీటర్_అక్క:
మీ ప్లేట్‌లో ముక్క మీ ఇష్టం తమ్ముడూ. అతిథులకి అడక్కుండా అలా పెట్టకండి.

హిల్‌కంట్రీ_కుర్రోడు:
వెన్ను కండకి ముందురోజు రాత్రే ఉప్పు రాసి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెడతాను. తొడ ముక్కలకి పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం. ఒకరు ఆరో నెల, ఆవిడకి తొడ ముక్కలే బాగా కాల్చి ఇస్తాను.

పాతబస్తీ_సీకు:
తొడకన్న బొప్పాయ పెట్టు అన్నా. గంట సేపు సాలు.

హిల్‌కంట్రీ_కుర్రోడు:
గంటా? ఇందాక రాత్రంతా అన్న అత్తమ్మ మాట వినమన్నారు కదా?

పాతబస్తీ_సీకు:
అది ముసలి మేకకు అన్నా.